రెక్కలో చెవి

మగ్రిబ్ నమాజ్ ముగిసి ఇంట్లో దీపాలు వెలిగిన తర్వాత ట్యూబులైటు చుట్టూ మూగే పురుగుల్లో ఒకటి తక్కినవాటిలా గిరగిరా తిరగదు. గాలిలో తేలుతున్నట్లుగా వచ్చి గోడ మీద వాలుతుంది. ఒళ్లు లేత ఆకుపచ్చ. ఒంటికన్నా పొడవైన రెక్కలు గాజులా పారదర్శకంగా ఉంటాయి, వాటి నిండా సన్నని ఈనెలు జాలీలా అల్లుకొని ఉంటాయి. వాలగానే ఆ రెక్కలను పెంకుటింటి కప్పులా రెండు పక్కలకు వాల్చుకొని కదలకుండా కూర్చుంటుంది. దగ్గరగా చూస్తే కళ్లు బంగారు రంగులో మెరుస్తాయి. మొత్తం మీద అర అంగుళం ఉంటుందేమో. వ్యవసాయ పుస్తకాలు దీనిని ‘అల్లిక రెక్కల పురుగు’ అంటాయి. మన ఇళ్లలో మాత్రం దీనికి ప్రత్యేకమైన పేరేమీ లేదు. పొద్దున్నే కిటికీ అంచున రాలిపడిన పురుగులన్నిటితోపాటు దీనినీ చీపురుతో ఊడ్చేస్తాము.

పేరు లేకపోవడాన్ని చిన్న విషయంగా తీసుకోరాదని మా అభిప్రాయం. ఆదమ్ (అలైహిస్సలాం)కు అల్లాహ్ నేర్పిన విద్య పేర్ల విద్య అని బఖరా సూరాలోని ఉదంతం మనకు తెలుపుతుంది. దైవదూతలకు లేని ఆ జ్ఞానమే అక్కడ మానవుని ప్రత్యేకతగా కనిపిస్తుంది. ఒక ప్రాణిని దాని పేరుతో ఎరగడమంటే పక్కనున్న వాటి నుంచి దానిని వేరుచేసి చూడగలగడం, దాని పట్ల మన నడవడి ఎలా ఉండాలో తెలుసుకోగలగడం. ఈ పచ్చ పురుగు పేరు ఎంతకాలం తప్పుగా నడిచిందో, దానిని సరిచేయడానికి ఏమి చేయవలసి వచ్చిందో, అది మన పొలాలకూ పెరళ్లకూ ఎందుకు ముఖ్యమో ఈ నెల చెప్పదలచుకున్నాము.

ప్రాణులకు పేర్లు పెట్టి వరుసలో ఉంచే పని మన విద్వాంసులకు కొత్త కాదు. బస్రా నగరానికి చెందిన అల్ జాహిజ్ తొమ్మిదో శతాబ్దంలోనే ‘కితాబుల్ హయవాన్’ పేరిట జంతువుల గురించి అనేక సంపుటాలు రచించారు. ఆయన తర్వాత దాదాపు అయిదు వందల ఏళ్లకు కైరోలో అల్ దమీరీ ‘హయాతుల్ హయవాన్’ అనే బృహద్గ్రంథం సమకూర్చారు. ఆయన జంతువులను అక్షరక్రమంలో పేర్చారు. ఫలానా జంతువు గురించి ధర్మశాస్త్రం ఏమంటుందో, వైద్యం ఏమంటుందో, లోకంలో ఏ సామెత ఉందో వెతుక్కునేవారికి అది చాలా సౌకర్యం. అయితే అక్షరక్రమంలో ఏనుగు పక్కన ఎలుక ఉండవచ్చు, వాటి శరీరాలకు పోలిక ఉండనక్కరలేదు. శరీర నిర్మాణాన్ని బట్టి బంధుత్వాలు కట్టే పద్ధతి పద్దెనిమిదో శతాబ్దంలో స్వీడన్ దేశపు లిన్నేయస్‌తో స్థిరపడింది. 1758లో ఆయన అల్లిక రెక్కల పురుగులను ‘హెమెరోబియస్’ అనే పేరు కింద చేర్చారు. ఒక్కరోజు బతికేది అని ఆ గ్రీకు మాట సూచన. నిజానికి ఈ పురుగు పెద్దదయ్యాక వారాల తరబడి బతుకుతుంది. 1815లో ఇంగ్లండుకు చెందిన లీచ్ వీటిలో ఒక వర్గానికి ‘క్రైసోపా’ అని పేరు పెట్టారు. అంటే బంగారు కన్ను. ఈ పేరు పెట్టినవారు పురుగును చూసి పెట్టారని వెంటనే తెలుస్తుంది.

ఆ బంగారు కన్నే కుటుంబానికంతటికీ ఇంటిపేరైంది. ‘క్రైసోపిడే’ అనే ఈ కుటుంబంలో ప్రపంచమంతటా సుమారు 1,400 జాతులు గుర్తింపబడ్డాయి. నేడు బతికి ఉన్నవాటిని మూడు ఉపకుటుంబాలుగా విభజిస్తారు. అపోక్రైసినే అనేది ఉష్ణమండలపు అడవుల్లో ఉండే పెద్ద రెక్కల సుకుమారమైన పురుగుల వర్గం. నోథోక్రైసినే చిన్న వర్గం, పాతకాలపు లక్షణాలను ఇంకా నిలుపుకొన్నది. తక్కినవన్నీ, అంటే పదింట తొమ్మిదికి పైగా జాతులు, క్రైసోపినే అనే మూడో ఉపకుటుంబానివే. మన ట్యూబులైటు దగ్గర వాలేది కూడా అక్కడిదే. 1990లో బ్రూక్స్, బర్నార్డ్ అనే లండన్ శాస్త్రజ్ఞులు ప్రపంచంలోని ప్రజాతులన్నిటినీ పునఃపరిశీలించి ఈ ఉపకుటుంబాన్ని నాలుగు తెగలుగా అమర్చారు. వాటిలో ఒక తెగ అమెరికా ఖండాలకే పరిమితం. మరొకటి ఆసియా, ఆఫ్రికాల ఉష్ణప్రాంతాలది. ఇంకొక తెగలోని పిల్ల పురుగులు కొన్ని చీమల పుట్టల్లోనే దొంగబతుకు బతుకుతాయి. క్రైసోపిని అనే నాలుగో తెగ అన్నిటికంటె పెద్దది, పొలాల్లో మనకు పనికివచ్చేవి ప్రధానంగా దానిలోనే ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన డి.ఎన్.ఎ. పరీక్షలు కొన్ని సరిహద్దులను మళ్లీ కదిలించాయి. ఆ వివరాలు ఈ శీర్షికకు అవసరం లేదు.

ఈ విభజన దేనిని చూసి చేస్తారు? మొదట రెక్కను చూసి. దీని రెక్కలో ఈనెల అల్లిక ఒక పటం వంటిది. మొదలు నుంచి కొస దాకా నిడివిగా పోతున్నట్లు కనిపించే రెండు ఈనెలు నిజానికి ఒకే ఈనె కావు. పలు శాఖల ముక్కలు మెలికలుగా కలిసి ఒకే గీతలా కనబడతాయి. శాస్త్రజ్ఞులు వాటికి ‘మిథ్యా ఈనెలు’ అనే అర్థం వచ్చే పేర్లు పెట్టారు. వాటి మధ్య ఏర్పడే చిన్న గడి ఏ ఆకారంలో ఉందో, దానిని ఏ అడ్డు ఈనె ఎక్కడ తాకుతుందో చూసి ప్రజాతిని పోలుస్తారు. అది చాలకపోతే మగపురుగు ఉదరం చివర ఉండే అతిచిన్న పలకలను సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తారు. కానీ క్రైసోపినే ఉపకుటుంబాన్ని తక్కిన రెండింటి నుంచి వేరుచేసే గుర్తుల్లో అతి విచిత్రమైనది మరొకటి ఉంది. అది దాని చెవి.

ఆ చెవి తలమీద ఉండదు. ముందు రెక్క ఒంటిని కలిసే చోట ఒక ప్రధానమైన ఈనె కొద్దిగా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు అడుగువైపున పొర అతి పలుచన. మన కర్ణభేరి చేసే పని ఆ పొర చేస్తుంది. లోపల సుమారు పాతిక జ్ఞానకణాలు ఉంటాయి. తక్కిన పురుగుల చెవుల్లో పొర వెనుక గాలి సంచి ఉండడం పరిపాటి, ఇక్కడ మాత్రం ఎక్కువ భాగం ద్రవమే. 1970 ప్రాంతంలో లీ మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు ఈ అవయవ నిర్మాణాన్ని వివరంగా చిత్రించి, అది దేనికోసం ఉన్నదో కూడా పరీక్షించి చూశారు. మన చెవికి సెకనుకు 20,000 కంపనాలు దాటిన శబ్దం వినబడదు. ఈ రెక్క చెవి వినేది సరిగ్గా ఆ పైవాటినే. రాత్రి వేళ అటువంటి శబ్దాలు చేసుకుంటూ ఎగిరేది గబ్బిలం. తన కేక దేనికో తగిలి తిరిగిరావడాన్ని బట్టి అది వేటను పసిగడుతుంది.

గబ్బిలం కేక రెక్కకు సోకగానే ఈ పురుగు ఎగరడం మానుతుంది. రెక్కలు ముడుచుకొని రాయిలా కిందికి పడిపోతుంది. గబ్బిలం వదలకుండా వెంబడిస్తే, పట్టుకోబోయే క్షణంలో దాని కేకలు మరీ దగ్గర దగ్గరగా, ఎడతెగని గుర్రుమనే శబ్దంలా మారతాయి. అప్పుడు పడుతున్న పురుగు ఒక్కసారి రెక్కలు విప్పి దారి తప్పిస్తుంది. ఈ రెండో ఎత్తుగడ అన్నిసార్లూ ఫలించదు, కాని చాలాసార్లు ప్రాణం కాపాడుతుంది. నోథోక్రైసినే, అపోక్రైసినే వర్గాలకు ఈ చెవి లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు సాగుతాము. ఇటువంటి సంగతి కనబడగానే దానిని ఏదో ఒక ఆయతుకు ముడివేసి, ఇదంతా ముందే చెప్పబడిందని చాటడానికి కొందరు మిత్రులు ఉబలాటపడతారు. మేము ఆ దారి తొక్కము. చీమ, తేనెటీగ, సాలీడు పేర్లతో మూడు సూరాలు ఉన్న గ్రంథం మనది. దోమ వంటి దానిని సైతం ఉపమానంగా చెప్పడానికి అల్లాహ్ వెనుదీయడని అందులో ఉంది. చిన్న ప్రాణిని శ్రద్ధగా చూడడానికి ఆ ప్రోత్సాహం చాలు. రేపు శాస్త్రజ్ఞులు లెక్క మార్చుకుంటే మన విశ్వాసం తడబడేలా దానిని వారి లెక్కకు కట్టివేయడం విజ్ఞత కాదు.

పెద్ద పురుగు సొగసు ఇలా ఉంటే, పొలానికి అసలు పని చేసేది దాని పిల్ల. ఆ కథ గుడ్డుతో మొదలవుతుంది. ఆడ పురుగు ఆకు మీద ఉదరం కొసను ఆనించి ఒక చుక్క జిగురు వదులుతుంది. వెంటనే ఉదరాన్ని పైకెత్తుతుంది. ఆ చుక్క సన్నని దారంలా సాగి, గాలి తగలగానే గట్టిపడుతుంది. ఆ దారం కొసన ఒక గుడ్డు పెట్టి కదులుతుంది. దారం పొడవు అర సెంటీమీటరు అటూ ఇటూగా ఉంటుంది. అది పట్టు వంటి ప్రొటీనే. ఒక్కొక్క ఆడ పురుగు తన జీవితకాలంలో ఇలా కొన్ని వందల గుడ్లు పెట్టగలదు. ఆకు మీద పాకే చీమకు గుడ్డు అందదు. అన్నిటికన్నా ముందు పుట్టిన సొంత తోబుట్టువుకు కూడా అంత సులభంగా అందదు. ఈ రెండో జాగ్రత్త అవసరమే. ఎందుకంటే గుడ్డు నుంచి వచ్చే పిల్ల ఆకలితో పుడుతుంది, ఎదుట ఏది మెత్తగా ఉంటే దానిని తింటుంది.

మన వాతావరణంలో మూడు నాలుగు రోజులకు గుడ్డు పగిలి, పిల్ల ఆ దారం వెంటే కిందికి దిగుతుంది. తల్లి పోలిక దానిలో ఏ కోశానా కనబడదు. బూడిద, గోధుమ రంగుల చారలతో మొసలిని బాగా కుదించినట్లు ఉంటుంది. ముందుకు పొడుచుకొచ్చిన రెండు కొడవళ్లే దాని నోరు. ఒక్కొక్క కొడవలి నిజానికి రెండు ముక్కలు. పై దవడ, కింది దవడ ఒకదానికొకటి గాడిలో అతుక్కొని మధ్యలో ఒక గొట్టం ఏర్పడుతుంది. పేనుబంకను ఆ కొడవళ్లతో పొడిచి పట్టి, గొట్టం గుండా జీర్ణరసం లోపలికి పంపి, లోపల కరిగినదంతా పీల్చేస్తుంది. మిగిలేది ఖాళీ తొడుగు. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి పరిశీలకుడు రెయోమ్యూర్ దీనికి పేనుబంకల సింహం అని పేరు పెట్టారు. పెరిగే వయసులో ఒక్కొక్కటి వందల కొద్దీ పేనుబంకలను ఇలా హరిస్తుంది. తెల్లదోమ పిల్లలు, పచ్చదోమ, తామర పురుగులు, పిండినల్లి పిల్లలు, శనగపచ్చ పురుగు గుడ్లు కూడా దాని ఆహారమే.

దాని కడుపులో మరొక వింత ఉంది. డింభక దశలో దాని జీర్ణాశయానికి వెనుక ద్వారం మూసి ఉంటుంది. పుట్టిన నాటి నుంచి తిన్నదాని మలినమంతా లోపలే పోగుపడి, రెక్కలు వచ్చి పెద్ద పురుగుగా బయటపడినప్పుడు ఒకే గట్టి ఉండగా విసర్జింపబడుతుంది. వెనుక ద్వారానికి ఈలోగా వేరే పని ఉంది. పది రోజుల అటూ ఇటూగా మూడు దశలు పెరిగి ముగిశాక అది తోక కొసతో పట్టు వడికి గుండ్రని తెల్లని గూడు కట్టుకుంటుంది. హిందూపురం మార్కెట్టుకు పట్టుగూళ్లు తెచ్చే రైతులకు పట్టుపురుగు నోటితో వడుకుతుందని తెలుసు. దీని పట్టు మాత్రం మూత్రపిండాల పని చేసే నాళాల నుంచి తయారవుతుంది.

క్రైసోపినేలోని అనేక ప్రజాతుల పిల్లలు తాము తిన్న పురుగుల తొడుగులను, దుమ్మును, మైనపు పోగులను వీపు మీద వేసుకొని తిరుగుతాయి. వీపున ఉండే వంకర వెంట్రుకలు ఆ మూటను పట్టి ఉంచుతాయి. అమెరికాలో ఒక జాతి పిల్ల ఉన్ని వంటి మైనం ధరించే పేనుబంకల గుంపులో ఉంటుంది. ఆ మైనాన్నే పెరికి తన వీపున కప్పుకుంటుంది. ఆ పేనుబంకలకు కాపలా కాసే చీమలు దీనిని తమ మందలోదే అనుకొని వదిలేస్తాయి. థామస్ ఐస్నర్, ఆయన సహచరులు 1978లో ఆ కప్పును తొలగించి చూశారు. చీమలు వెంటనే దానిని పట్టి ఈడ్చివేశాయి. మన పొలాల్లో మామూలుగా కనబడే జాతి పిల్ల మాత్రం ఏ మూటా లేకుండా నగ్నంగానే తిరుగుతుంది.

ఆ మామూలు జాతి పేరే ఇప్పుడు మన విషయం. 1836లో స్టీఫెన్స్ అనే ఆంగ్లేయుడు ఒక పురుగుకు ‘కార్నియా’ అని పేరు పెట్టారు. లాటిన్‌లో మాంసపు రంగు అని అర్థం. యూరప్‌లో చలి ముదిరితే ఈ వర్గపు పురుగులు ఆకుపచ్చను విడిచి ఎర్రటి గోధుమ వర్ణం దాలుస్తాయి, వసంతంలో మళ్లీ పచ్చబడతాయి. తర్వాత కాలంలో యూరప్, ఆసియా, ఆఫ్రికా, అమెరికాల్లో ఇంచుమించు అదే రూపంలో ఉన్న పురుగులన్నిటికీ ఆ పేరే వర్తింపజేశారు. ‘క్రైసోపెర్లా కార్నియా’ అంటే భూగోళం చుట్టూ ఉన్న ఒకే జాతి అని పుస్తకాలు రాశాయి. మన దేశంలోనూ ప్రయోగశాలల్లో, విశ్వవిద్యాలయాల సిఫారసుల్లో, రైతులకు అమ్మే గుడ్ల పొట్లాల మీద అదే పేరు నడిచింది.

ఆ లెక్కను కదిలించినది పాట. ఈ పురుగులు సంభోగానికి ముందు ఆకు మీద నిలబడి ఉదరాన్ని పైకీ కిందికీ వణికిస్తాయి. శబ్దం గాలిలోకి రాదు, వణుకు కాడ గుండా పాకుతుంది. అవతలి పురుగు దానిని కాళ్లతో గ్రహిస్తుంది. అంటే ఇది శత్రువును రెక్కతోనూ, జతగాడిని కాలితోనూ వింటుందన్నమాట. ఒకటి వణికి ఆగుతుంది, రెండోది అదే తాళంలో జవాబిస్తుంది. ఆడ, మగ రెండూ పాడతాయి. తాళం కుదిరేంత వరకు సంబంధం కుదరదు. అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఛార్లెస్ హెన్రీ ఈ వణుకులను యంత్రంతో నమోదు చేయడం మొదలుపెట్టి దశాబ్దాల పాటు కొనసాగించారు. రూపంలో ఒక్కటిగా కనబడిన పురుగులు పాటలో వేర్వేరని తేలింది. ఒక పాటవారు మరొక పాటవారితో జతకట్టరు. ఒకే జాతి అనుకున్న చోట నేడు ఇరవైకి పైగా జాతులు లెక్కకు వచ్చాయి. సులైమాన్ (అలైహిస్సలాం)కు చీమ మాట అర్థమైన ఉదంతం మనం చదువుకున్నాము. ఆ వరం మనకు లేదు, ఓపిక మాత్రం ఉండవచ్చు.

మన దేశపు పురుగు పాట కూడా అలాగే నమోదైంది. బెంగళూరులో జీవనియంత్రణ పరిశోధన చేసే శాస్త్రజ్ఞులతో కలిసి హెన్రీ బృందం 2010లో ఫలితం ప్రకటించింది. మన పొలాల్లో ఉన్నది కార్నియా కాదు. దక్షిణాఫ్రికా పురుగుగా పేరుపొందిన ‘జాస్ట్రోవి’ అనే జాతికి ఉపజాతి అది. దాని పూర్తి పేరు క్రైసోపెర్లా జాస్ట్రోవి సిల్లెమి. డెన్మార్క్‌కు చెందిన ఎస్బెన్-పీటర్సన్ ఎన్నడో పెట్టి, తర్వాత ఎవరూ పెద్దగా పట్టించుకోని పేర్లు ఈ విధంగా మళ్లీ వెలుగులోకి వచ్చాయి. పశ్చిమాసియా నుంచి భారతదేశం వరకు ఈ ఉపజాతి వ్యాపించి ఉంది.

పేరు మారితే పురుగు మారదు కదా, ఏ పేరుతో పిలిచినా పేనుబంకను తింటుంది కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని ఒక పేరు కింద సేకరించిన జ్ఞానమంతా ఆ పేరుతోపాటే ప్రయాణం చేస్తుంది. యూరప్ పురుగు ఎంత వేడిని తట్టుకుంటుందో, ఏ మందుకు ఎంత మోతాదులో చస్తుందో రాసిన పట్టిక మన పురుగుకు వర్తిస్తుందన్న హామీ లేదు. ఎక్కడి నుంచో పురుగును తెచ్చి విడిచిపెడితే, పాట కలవనందున స్థానిక పురుగుతో జతకట్టక అది వృథా కావచ్చు. పొట్లం మీద రాసిన పేరు కొన్నవాడికి ఇచ్చిన మాట. తూకంలో, కొలతలో మోసం ఎంత తీవ్రంగా నిషేధింపబడిందో మనకు తెలుసు. తెలియక రాసిన పేరు మోసం కాదు. తెలిసిన తర్వాత సరిచేయడం అమానత్. దశాబ్దాల పాటు అచ్చులో ఉన్న పేరును శాస్త్రజ్ఞులు బహిరంగంగా మార్చుకోవడం మాకు ఈ ఉదంతంలో అన్నిటికంటె నచ్చిన విషయం.

ఇక పొలానికి వద్దాము. హానిచేసే పురుగును చంపడం ధర్మసమ్మతమేనని పండితులు చెబుతారు. దానిలో వివాదం లేదు. అయితే ఒక హదీసులో పూర్వకాలపు ప్రవక్త ఒకరి సంగతి ఉంది. ఒక చీమ తనను కుట్టినందుకు ఆయన చీమల పుట్టనంతా తగులబెట్టించారు, అందుకు అల్లాహ్ ఆయనను మందలించాడు. కుట్టింది ఒక్కటే కదా అన్నది ఆ మందలింపు సారం. పత్తి చేలో నాలుగు ఆకులు ముడుచుకోగానే రెండు మూడు మందులు కలిపి చేనంతా తడిపే వేళ ఈ ఉదంతం గుర్తుకు రావాలి. ఆ మందు పేనుబంకను చంపినట్లే దాని మీద బతికే పిల్ల పురుగునూ చంపుతుంది. తేడా ఏమిటంటే పేనుబంక కొద్ది రోజుల్లో మళ్లీ వందల సంఖ్యలో పుడుతుంది. దానిని తినేది తిరిగి పెరగడానికి వారాలు పడుతుంది. ఆ మధ్యకాలంలో చేను శత్రువుదే.

ఇది ఊహ కాదు. 1980 దశకం మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి పొలాల మీద తెల్లదోమ విరుచుకుపడింది. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను విచ్చలవిడిగా వాడి మిత్ర పురుగులను తుడిచిపెట్టడం దానికి ఒక ప్రధాన కారణమని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. అప్పులపాలైన కుటుంబాల్లో ప్రాణాలు తీసుకున్నవారూ ఉన్నారు. ఆ తరం రైతులకు ఆ సంవత్సరాలు ఇంకా గుర్తే.

అల్లిక రెక్కల పురుగును విడిచిపెడితే అన్నీ చక్కబడతాయని కూడా మేము చెప్పము. రెక్కలు వచ్చాక అది పక్క చేలోకి ఎగిరిపోవచ్చు. చీమలు కాపలా ఉన్న చోట దాని పిల్ల పని సాగదు. అక్షింతల పురుగు వంటి సాటి మిత్రుల గుడ్లను కూడా అది తినేస్తుంది. ప్రయోగశాలలో దానిని పెంచేవారి మొదటి సమస్య అవి ఒకదానినొకటి తినడమే. అందుకే ఒక్కొక్క పిల్లను ఒక్కొక్క గడిలో ఉంచుతారు. మేతగా వేసేది ఏమిటో మన గృహిణులకు బాగా తెలుసు. బియ్యంలో, నూకల్లో, రవ్వలో గూళ్లు అల్లి ఉండలు కట్టించే పురుగు ఉంది కదా, దాని రెక్కల పురుగు పెట్టే గుడ్లే ఈ పిల్లలకు ఆహారం. వంటింట్లో మనం తిట్టుకునే ఆ ప్రాణిని అక్కడ డబ్బాల కొద్దీ పెంచుతారు. పెద్ద పురుగులకు తేనె, ఆముదపు పుప్పొడి పెడతారు. ఈ ప్రజాతిలో పెద్దవి వేటాడవు. పుప్పొడి, మకరందం, పేనుబంక విసర్జించే తియ్యని జిగురు వాటి ఆహారం. పత్తి చుట్టూ రెండు వరుసల మొక్కజొన్న, గట్ల మీద అలసంద, అక్కడక్కడ ఆముదం వేయాలని వ్యవసాయ అధికారులు చెప్పడంలో ఉన్న ఒక కారణం ఇదే. కొని తెచ్చిన గుడ్లకంటె, ఉన్నవాటికి తిండి చూపి మందు ఆపడమే ఎక్కువ ఫలితమిస్తుందని మా నమ్మకం.

పెరట్లో చిక్కుడు పాదు, మందారం, గులాబీ ఉన్న ఇళ్లకు పని ఇంకా తేలిక. కొత్త చిగుళ్ల మీద పేనుబంక నల్లగానో పచ్చగానో మూగినప్పుడు అంగడికి పరుగెత్తకుండా ముందు ఆకు తిప్పి చూడండి. సన్నని తెల్లని వెంట్రుకలు నిలబడి, వాటి కొసన గసగస గింజంత పచ్చని గుడ్లు కనబడితే అది బూజు కాదు, తెగులూ కాదు. తుడిచివేయకండి. పేనుబంక మరీ ఎక్కువగా ఉన్న కొమ్మను నీటి ధారతో కడిగి, గుడ్లున్న కొమ్మను అలాగే వదలండి. పిల్ల పురుగు ఎప్పుడైనా చిన్నపిల్లల చేతి మీదికి పాకితే కొడవళ్లతో పొడిచి చురుక్కుమనిపించవచ్చు. దానివల్ల ప్రమాదమేమీ లేదు, చెయ్యి విదిలిస్తే చాలు.

ఇషా నమాజ్ తర్వాత టార్చిలైటు పట్టుకొని పిల్లలతో పాటు ఒకసారి పాదు దగ్గరకు వెళ్లవచ్చు. పెద్ద పురుగులు ఆ వేళకే చురుకుగా ఉంటాయి, వెలుతురు పడగానే వాటి కళ్లు మెరుస్తాయి. కొత్తగా పెట్టిన గుడ్డు పచ్చగా ఉంటుంది, పిల్ల వచ్చే ముందు బూడిద రంగుకు తిరుగుతుంది. తెల్లగా ఉంటే గుడ్డు ఖాళీ అయినట్లు. అప్పుడు దారం మొదలు నుంచి ఆకు ఈనెల వెంట మెల్లగా వెలుగు జరుపుతూ వెతకండి, పేనుబంకల గుంపు అంచున అది ఎక్కడో దొరుకుతుంది.